పడమటి గోడ పూత

పోయిన వేసవిలో మా మండలం కుర్రవాడొకడు ఒమన్‌లోని బహ్లా నుంచి నా ఫోనుకు ఒక ఫొటో పంపించాడు. ఖర్జూర తోటల అంచున ఒక చిన్న మట్టి మసీదు, దాని ముందు ఇనుప కడ్డీకి బిగించిన ఒక పలక. "సార్, మీరు చెప్పే మసీదు గిదేనా?" అని కింద రాశాడు. అదే. గుమ్మటం లేదు, మినారు లేదు. పొలాల్లో రైతులు కట్టుకునే మట్టి కొట్టం కంటే కొంచెం పెద్దది. పలక మీదున్న చరిత్రను కళ్లు చికిలించుకుని చదివాను. మసీదు అతి పురాతనమైనదట, కట్టినవారెవరో తెలియదట, పలుమార్లు మరమ్మతులు జరిగాయట, గోడలను తాకరాదట. పదవీ విరమణ చేసి ఇన్నేళ్లయినా కాలేజీ వక్తృత్వ పోటీల నాటి అలవాటు నన్ను వదలలేదు. ఎవరైనా ఒక వాక్యం చెబితే దాన్ని తిప్పి చూస్తాను. మరమ్మతులు జరిగాయంటే ఎవరు జరిపారు? పురాతనమని దేన్ని అంటున్నారు, రాళ్లనా, ఏటేటా కొత్తగా పూసే మట్టినా, ఆ మట్టి పూసే అలవాటునా? ఈ ప్రశ్నలకు జవాబులో కొంత భాగం నేను చూశాను. ఆ గోడ పూసిన చేతుల్లో రెండు మా మేనమామవి.

వరంగల్‌లో బీఏ చదివే రోజుల్లో నాకు మాట్లాడటమే లోకం. వాదం నెగ్గినా ఓడినా మా తర్కం మాస్టారు ఒక్కటే అడిగేవారు: "నీ మాట వల్ల ఎవరి మీద భారం పడుతుందో వాళ్లు ఈ గదిలో ఉన్నారా?" అప్పట్లో ఆ ప్రశ్న నాకు అలంకారంగా వినిపించేది. డిగ్రీ చేతికొచ్చాక ఉద్యోగం దొరకలేదు. అప్పటికే ఒమన్‌లో కూలికి పోయిన మా మామ గంగారాం, వాళ్ల కంపెనీకి ఇంగ్లీషు వచ్చిన టైమ్‌కీపర్ కావాలంటున్నారని కబురు పెట్టాడు. అలా నేను మత్రా రేవులో దిగి, ఒక లారీ వెనక కూర్చుని, కొండల మధ్య నుంచి లోపలి ప్రాంతానికి ప్రయాణం చేశాను. దేశం అప్పుడే తలుపులు తెరుస్తున్న కాలమది. రోడ్లు ఇంకా రోడ్లు కాలేదు. వాటిని రోడ్లుగా చేయడమే మా పని.

బహ్లా ఊరి బయట మా క్యాంపు ఉండేది. రేకుల షెడ్లు, వాటి మధ్య ఒక వంటపాక. ఒక్కో రూమ్‌లో ఒకే ప్రాంతం వాళ్లు చేరేవారు. మా రూమ్‌లో అందరూ కరీంనగర్, నిజామాబాద్ పల్లెల వాళ్లు. పొద్దున లేవగానే మామ కిరోసిన్ స్టవ్వు వెలిగించి అందరికంటే ముందు ఎసరు పెట్టేవాడు. చింతపండు దొరకని రోజుల్లో అక్కడి దుకాణాల్లో అమ్మే ఎండు నిమ్మకాయలను నీళ్లలో నానేసి, ఆ నల్లటి పులుపుతో పచ్చిపులుసు చేసేవాడు. అందులో కొంచెం చేదు ఉండేది. "చేదు నాల్కెకు మంచిదిరా" అని మమ్మల్ని నోరెత్తనిచ్చేవాడు కాదు. మధ్యాహ్నం వేడికి రేకులు టపటపలాడేవి. సాయంత్రం తోటల వైపు నుంచి గాలి తిరిగితే తడిమట్టి వాసన, దూరంగా ఏ ఇంట్లోనో వేసిన సాంబ్రాణి పొగ వచ్చేవి. మామ అప్పుడు షెడ్డు బయట కూర్చుని ఆ గాలి పీల్చేవాడు. ఊళ్లో ఆయన మట్టి గోడలు కట్టేవాడు. చుట్టుపక్కల పల్లెల్లో ఇల్లు లేపాలంటే గంగారాం రావాల్సిందే. ఇక్కడికొచ్చాక చేతికి సిమెంటు తప్ప ఇంకేమీ తగల్లేదు. సిమెంటు ఆయన వేళ్ల సందులను తినేసింది. రాత్రి పడుకోబోయే ముందు వాటికి కొబ్బరినూనె రాసుకుంటూ, "గీ బూడిదకు పానం లేదురా అల్లుడా" అనేవాడు.

మేము వేస్తున్న రోడ్డు తోటల అంచు నుంచి పోయింది. భారీ రోలరు దొర్లినప్పుడల్లా నేల వణికేది. ఒకనాడు ఆ వణుకుకు, రోడ్డుకు దగ్గరగా ఉన్న ఆ చిన్న మసీదు పడమటి గోడ పైనుంచి కిందిదాకా చీలిపోయింది. ఆ దేశం నుంచి మక్కా పడమటి దిక్కు. నమాజు చేసేవాళ్లు ముఖం పెట్టేది ఆ గోడ వైపే. మసీదును చూసుకునే పెద్దాయన పేరు హమూద్. వయసులో ఖర్జూరాల వ్యాపారం మీద బొంబాయిలో కొన్నేళ్లు ఉండి వచ్చినవాడు, కొంచెం హిందీ మాట్లాడేవాడు. కూలీలందరూ ఆయన్ను చాచా అనేవారు. రోలరు ఆపమని ఆయన గట్టిగా అరవలేదు. వచ్చి రోలరు ముందు నిలబడ్డాడు, అంతే. డ్రైవరు ఇంజను ఆపేశాడు. చీలిన గోడను పాత పద్ధతిలోనే మట్టితో బాగుచేసి ఇస్తేనే రోడ్డు ముందుకు పోతుందని ఊరి పెద్దలు తేల్చిచెప్పారు.

ఇందుకు సైట్ ఇంజనీరు ఒప్పుకోవడం నన్ను ఆశ్చర్యపరిచింది. స్కాట్లండ్ దేశస్థుడు, కూలీల భాషలో గోరా సాబ్. సిమెంటు తప్ప మరో మాట తెలియని కంపెనీలో ఆయన మట్టికి ఎందుకు ఒప్పుకున్నాడని నేను సూటిగానే అడిగాను. ఎవరినైనా ఏదైనా అడగవచ్చునని అప్పట్లో నా నమ్మకం. ఆయన విసుక్కోలేదు. వాళ్ల ఊరి పొలాల్లో ఒక చిన్న ప్రార్థన గది ఉందట, ఎంత పాతదో ఎవరికీ తెలియదట. మొదట ఒక సాధువు ఒంటరిగా ఉన్న గుడిసె అంటారు. తర్వాత రాతి గోడలు లేచాయి. తర్వాత ఆ చుట్టుపక్కల పల్లెలన్నిటికీ అదే చర్చి అయింది. పెద్ద చర్చి వేరే చోట కట్టుకున్నాక దాని కప్పు కూలింది, గొర్రెలను తోలే దొడ్డి అయింది. "మా తాతగారి కాలంలో ఊరివాళ్లకు దాని మీద ప్రేమ పుట్టుకొచ్చింది" అన్నాడాయన. "అందరూ చందాలు వేసుకుని రాళ్ల సందుల్లో సిమెంటు దట్టించారు. లోపలికి పోయిన తడి బయటికి రాలేక, చలికాలంలో గడ్డకట్టి రాళ్లను పగలగొట్టింది. అన్ని వందల ఏళ్లు నిలిచిన గోడ మా ప్రేమకు ఒక్క తరం నిలవలేదు. ఈ పెద్దాయన మట్టి కావాలంటే మట్టే ఇద్దాం." ఆ మాటలు చెబుతున్నంతసేపూ ఆయన నన్ను కాదు, చీలిన గోడనే చూశాడు.

మట్టి పని తెలిసినవాళ్లెవరని అడిగితే క్యాంపంతా గంగారాం పేరే చెప్పింది. హమూద్ చాచా ఒక షరతు పెట్టాడు. ముసల్మానులు కానివారు బయటి వైపు పని చేయవచ్చు, గడప దాటకూడదు. లోపలి వైపు పనికి కడప జిల్లా నుంచి వచ్చిన మస్తాన్ కుదిరాడు. తాపీ పనిలో మంచి చేయి, మాటలో అంతకంటే పదును. నా వాదనల పిచ్చి చూసి నాకు వకీల్ సాబ్ అని పేరు పెట్టింది అతనే. గోడకు అటు మస్తాన్, ఇటు మామ. చీలిక పూడేదాకా దానిలోంచే ఒకరినొకరు చూసుకుంటూ మాట్లాడుకునేవారు. మామను అంత సంతోషంగా నేను ఆ దేశంలో అంతకుముందు చూడలేదు. మట్టిని కాళ్లతో తొక్కి, తరిగిన గడ్డి కలిపి, మురగబెట్టి, మళ్లీ తొక్కేవాడు. సాయంత్రం చాచా ఇత్తడి కూజాతో యాలకుల కాఫీ తెచ్చి గడప దగ్గర కూర్చుని పోసేవాడు. చాలు అనుకుంటే చేతిలో గిన్నెను అటూ ఇటూ కొంచెం ఊపాలి, అది అక్కడి పద్ధతి. మామ ప్రతిసారీ మరిచిపోయి గిన్నె అలాగే పట్టుకునేవాడు, చాచా మళ్లీ పోసేవాడు. "నీ మామకు కడుపు లేదు, బావి ఉంది" అని చాచా నాతో అనేవాడు.

గోడ నిలబడింది. ఆఖరి పూత దగ్గర చిక్కొచ్చింది. అక్కడి ఎండకు పూత తడి ఆరేలోపే సన్నని పగుళ్లు, మామ మాటలో పర్రెలు, సాలెగూడులా అల్లుకునేవి. మామ గీకి మళ్లీ పూశాడు. మళ్లీ పగిలింది. ఆయనకు అన్నం సయించలేదు. మరునాడు ఆయన మూడోసారి పూసిన పూత మాత్రం పగలలేదు. ఎండంతా దాని మీదుగా పోయినా ఒక్క గీత పడలేదు. గోడ సాయంత్రానికి లేత గోధుమ రంగులోకి తిరిగి నున్నగా మెరిసింది. చాచా దాని మీద అరచేయి ఆనించి, ఆ చివరి నుంచి ఈ చివరిదాకా నడిచాడు. మామ భుజం మీద చేయి వేశాడు. రేపు మధ్యాహ్నం నుంచి లోపల నమాజు మొదలు పెడదామని, అప్పటిదాకా తాటాకుల లాంటి ఖర్జూర మట్టల పందిరి కింద నమాజు చేస్తున్నవాళ్లకు కబురు చేశాడు.

మరునాడు పొద్దున్నే మస్తాన్ నన్ను రూమ్ వెనక్కి పిలిచాడు. ముఖంలో ఎప్పుడూ ఉండే నవ్వు లేదు.

"మీ మామ గోడకు ఏం కలిపినాడో తెలుసునా నీకు?"

"గడ్డి."

"గడ్డి ఆవు తిన్న్యాక ఏమవుతుందబ్బా? నిన్న తోటల్లో ఆవుల కట్టుగొయ్యల కాడ గంప నింపుకోని వస్తాంటే చూసినా. ఏ చెట్టుకో ఎరువు ఏస్తాడేమో అనుకుంటి. ఇప్పుడు గోడ కాడికి పోయి వాసన చూసొచ్చినా."

ఆవు పేడ. మా ఇళ్లలో పెండ నీళ్లు చల్లకుండా పొద్దు మొదలుకాదు. అలికిన నేల మీదే ముగ్గు, అలికిన గదిలోనే దీపం. మామ అక్కడ చేసింది అదే, ఇంటి దగ్గర చేసే అతి పవిత్రమైన పని. ఎవరికైనా చెప్పాల్సిన విషయమని కూడా ఆయనకు తోచి ఉండదు. ఇక్కడ నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కుని, బట్టకు చిన్న మరక అంటినా మార్చుకుని వచ్చే మనుషులు మధ్యాహ్నం ఆ గోడకు ఎదురుగా వంగబోతున్నారు.

"నువ్వేం చూళ్లే, నేనేం చూళ్లే" అన్నాడు మస్తాన్. "ఎండిపోయినాక మట్టి మట్టే. చెప్పాకు. చెప్తివా, మీ మామను రేపే ఓడ ఎక్కిస్తారు. ఊరోళ్లు ఊరికే ఓడ ఎక్కనిస్తే అదీ మేలే."

"మధ్యాహ్నం నువ్వు గూడ ఆ గోడ దిక్కు మొకం పెట్టి నమాజ్ చేస్తవు గదా మస్తాన్ భాయ్. నువ్వు చేస్తవా?"

అతను చెప్పుతో నేలను గీశాడు. "నేను పందిట్లోనే చేసుకుంటాలే."

"అంటె నీకు తెలుసు గాబట్టి నువ్వు బయట నిలబడ్తవు. చాచాకు తెల్వదు గాబట్టి లోపల నిలబడాలె. గిది నీకు న్యాయమనిపిస్తుందా?"

"నీ నోట్లో నోరు పెట్టకూడదబ్బా" అన్నాడు మస్తాన్. "న్యాయం నీదే. మెడ మాత్రం మీ మామది."

నేను ఇంజనీరు దగ్గరికి పోయాను. ఆయన విని చాలాసేపు టోపీని చేతుల్లో తిప్పాడు. గోడ లోపల తడి మిగిలిందని చెప్పి ఈరోజు తెరవడం ఆపిద్దాం, రెండు రోజుల్లో పూత తీసి కొత్తది పూద్దాం, కారణం ఎవరికీ తెలియనక్కర్లేదు అన్నాడు. అది తెలివైన మార్గం. గోడా బాగుపడుతుంది, మనిషీ బతుకుతాడు, రోడ్డూ ఆగదు. నేను కాలేజీలో అయితే ఆ పక్షాన నిలబడి బహుమతి కొట్టుకొచ్చేవాణ్ణి. "అప్పుడు ఆ పెద్దాయన తన మసీదు గురించి తనకు తెలియని ఒక సంగతితో బతకాలి. అది మనకు తెలిసి ఉంటుంది" అన్నాను. ఆయన నా వైపు అలసటగా చూసి, "మీ మామను అడిగావా?" అన్నాడు. మా తర్కం మాస్టారి గదిలో లేని మనిషి అప్పుడు నాకు గుర్తొచ్చాడు.

మామ మట్టి తొట్టి కడుగుతున్నాడు. నేను చెప్పింది ఆయనకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కోపమొచ్చింది.

"మైలనా? పెండ మైలనారా? మీ అమ్మ దేవునర్ర అలుకకుంట దీపం వెడ్తదా? నేను గా గోడకు తక్కువ జేసిన్నా?"

"తక్కువ చెయ్యలే మామా. గని వాళ్ల పద్ధతిల గది కలువదు. మధ్యాహ్నం వాళ్లు లోపలికి వోతరు."

"నువ్వు చదువుకున్నోనివి. ఏం జెయ్యాల్నో నువ్వే చెప్పు."

"చాచాకు చెప్పాలె."

"చెప్తె నన్ను పంపిస్తరు."

"పంపించొచ్చు."

ఆయన తొట్టి బోర్లించి దాని మీద కూర్చున్నాడు. ఇంటి దగ్గర ఆయన ఆఖరి చెల్లెలి పెళ్లి, కట్టని బావి, అవన్నీ నాకు తెలుసు, ఆయన వాటిలో ఒక్కటీ ఎత్తలేదు. చాచా మాటే ఎత్తాడు, "రోజు నాకు కాఫీ పోస్తడురా ఆయన. నీ లెక్క నాకు న్యాయాలు తెల్వయి. నేను మొకం మొకం జూసి కాఫీ తాగాలె గదా." లేచి తలగుడ్డ విప్పి దులిపి మళ్లీ చుట్టుకున్నాడు. "నేనే చెప్త. నువ్వు నడుమ నోరు తెరువకు."

గడప ఇవతల మామ, అవతల చాచా. నేను కొంచెం ఎడంగా నిలబడ్డాను. మేము వచ్చిన కారణం తెలియక చాచా అప్పటికే గిన్నెలో కాఫీ వంచుతున్నాడు. "చాచా" అన్నాడు మామ తనకొచ్చిన హిందీలో, "దీవార్ మే గాయ్ కా గోబర్ డాలా." గోడలో ఆవు పేడ వేశానని. కూజా ముక్కు నుంచి పడుతున్న సన్నని ధార ఆగిపోయింది. చాచా కూజాను నెమ్మదిగా నేల మీద పెట్టాడు.

"ఎందుకు?" అన్నాడు.

"పగలొద్దని."

"మీ ఊళ్లో ఇలాగే చేస్తారా?"

"దేవుని అర్రకు మొదలు గదే."

చాచా గోడ వైపు తిరిగాడు. నిన్న చేయి ఆనించి నడిచిన గోడ అది. తన అరచేతిని ఒకసారి చూసుకున్నాడు. "నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు" అన్నాడు. అది మెప్పో నిందో నాకు ఈనాటికీ తెలియదు. నా వైపు కూడా చూశాడు, ఆ చూపులో కృతజ్ఞత మాత్రం లేదు. మసీదు తలుపు మూసి, గొళ్లెం పెట్టి, బహ్లాలో ఉన్న న్యాయాధికారిని అడిగేదాకా ఎవరూ లోపలికి పోకూడదని చెప్పి వెళ్లిపోయాడు. మధ్యాహ్నం నమాజు మళ్లీ పందిరి కిందే జరిగింది. కారణం సాయంత్రానికి ఊరంతా తెలిసింది.

ఆ తర్వాతి రోజులు నా జీవితంలో అతి పొడవైనవి. మత్రా నుంచి కంపెనీ మేనేజరు జీపులో దిగి, గంగారాంను మొదటి లారీలో పంపేయమని, గోడను యంత్రంతో కొట్టేసి సిమెంటుతో కట్టి చేతులు దులుపుకోమని అన్నాడు. జవాబు వచ్చేదాకా ఎవరూ ఎక్కడికీ పోరని ఇంజనీరు అడ్డుపడ్డాడు. తోటల్లోంచి యువకులు కొందరు వచ్చి క్యాంపు గేటుకు ఎదురుగా నిలబడేవారు. భుజాన తుపాకీ వేసుకుని తిరగడం అక్కడి మగవాళ్లకు మామూలు సంగతి, మేము రోజూ చూస్తున్నదే. అయినా ఆ రోజుల్లో ఆ తుపాకులు వేరుగా కనిపించాయి. వాళ్లు ఏమీ అనలేదు. నిలబడేవారు, నమాజు వేళకు వెళ్లేవారు, మళ్లీ వచ్చి నిలబడేవారు. రూమ్‌లో నా పక్కన ఎవరూ కంచం పెట్టుకోలేదు. "చదువు మనకొద్దు బిడ్డా, మనిషుంటె చాలు" అన్నాడొక పెద్దమనిషి, నన్ను కాదన్నట్టు గోడను చూస్తూ. మామ మాత్రం ఎప్పటిలాగే అందరికంటే ముందు లేచి ఎసరు పెట్టేవాడు. నా కంచంలో అన్నం వడ్డించేవాడు. మాట్లాడేవాడు కాదు. ఆయన సర్దిన రేకుపెట్టె మంచం కింది నుంచి పైకి చేరింది.

నా సూత్రం మీద నాకు అనుమానం రాలేదు. ఈనాటికీ రాలేదు. కాని సూత్రం నాది, పెట్టె ఆయనది. వేదిక మీద ఓడిపోయినవాడు దిగి వచ్చి మనతోపాటు టీ తాగుతాడు. ఇక్కడ నేను గెలిస్తే ఇంకెవరో ఓడ ఎక్కుతారు. ఈ తేడాను నాకు పుస్తకాలేవీ చెప్పలేదు.

చాచా మా క్యాంపులోకి రావడం అదే మొదటిసారి. వంటపాక ముందు చాప వేయించుకుని కూర్చున్నాడు. మేనేజరు, ఇంజనీరు వచ్చి నిలబడ్డారు. న్యాయాధికారి మాట క్లుప్తంగా ఉంది. పూత తీసేయాలి, గోడను పారే నీళ్లతో కడగాలి, మళ్లీ మట్టితోనే పూయాలి, ఆపైన నమాజు. మేనేజరు ఊపిరి పీల్చుకుని, అలాగైతే మత్రా నుంచి వేరే మనుషులను రప్పించి వెంటనే చేయిస్తానన్నాడు. మేనేజరు ఇంగ్లీషు మాటను నేను హిందీలోకి తెచ్చేలోపే చాచా తల అడ్డంగా తిప్పాడు.

"పూసినవాడే తీయాలి. గంగారాం వెళ్లిపోతే ఎవరిని నిలబెట్టి తీయిస్తాను? ఆయన ఉంటాడు. పని అయ్యాక కూడా ఉంటాడు. పంపేస్తే రోడ్డు అక్కడే ఆగుతుంది."

మామకు ఈ మాట చెప్పినప్పుడు ఆయన తల ఊపాడు, అంతే. పెట్టె మళ్లీ మంచం కిందికి పోయింది. సంతోషించాల్సిన మనిషి పార తీసుకుని, ఆ దేశంలో తను చేసిన అతి మంచి పనిని తన చేతులతోనే గీకడానికి బయలుదేరాడు. పూత రాలుతుంటే ముక్కలను ఆయన కాళ్లతో తన్నలేదు, గంపలోకి ఎత్తాడు. ఎక్కడ పోయాలని చాచాను చూపుతోనే అడిగాడు. చాచా ఖర్జూర చెట్ల పాదులు చూపించాడు. "చెట్టు ఏమీ అనుకోదు" అన్నాడు. ఆ రోజుల్లో మొదటిసారి మామ పెదవి కొంచెం కదిలింది.

పార కాస్త లోతుగా దిగిన చోట కింద పాత పూతలు బయటపడ్డాయి. ఒకదాని కింద ఒకటి, చెట్టు మొద్దులో వలయాల్లాగా, ఒక్కొక్కటి ఒక్కో రంగు. చాచా దగ్గరకొచ్చి వేలితో చూపించడం మొదలుపెట్టాడు. ఇది నేనూ మా తమ్ముడూ పూసింది. ఇది మా నాన్న పూసింది, గడ్డి ఎక్కువ వేసేవాడు. ఈ ఎర్రది వాగు పొంగి తోటలు కొట్టుకుపోయిన ఏడాదిది, ఇక్కడ మట్టి మిగల్లేదు, వాగు ఆవలి నుంచి తెచ్చారట. దాని కింద ఒక నల్లటి పొర. "రెండు వాడలు కొట్టుకున్నాయి. కప్పు కాలింది. తగలబెట్టినవాళ్లే మళ్లీ వచ్చి పూశారని మా తాత చెప్పేవాడు." దాని కింద పలుచని తెల్లని పొర మీద చిన్న వేళ్ల గుర్తులున్నాయి, ఏ పిల్లవాడో తడి మీద చేయి పెట్టాడు. ఆ కింద ఆ చుట్టుపక్కల ఎక్కడా కనిపించని నల్లరాయి. అక్కడ చాచా వేలు ఆగింది. "ఇక్కడి నుంచి నాకు తెలియదు" అన్నాడు. ఇంజనీరు టోపీ తీసి వంగి ఆ రాతినే చూస్తూ, వాళ్ల ఊళ్లో సిమెంటు దట్టించాక చదవడానికి ఇక ఏమీ మిగల్లేదని నాతో మెల్లగా అన్నాడు. మస్తాన్ ఆ వేళ్ల గుర్తుల మీద తన చిటికెన వేలు ఆనించబోయి, ఆగి, చేయి వెనక్కి తీసుకున్నాడు.

తిరిగి పూసే రోజు ఊరు ఊరంతా వచ్చింది. గేటు ముందు నిలబడిన యువకులు తుపాకులు చెట్లకు ఆనించి మట్టి మోశారు. ఆడవాళ్లు కాలువ నుంచి నీళ్లు తెచ్చి దూరంగా పోసి వెళ్లారు. మామ మట్టి తొక్కి, గడ్డి కలిపి, మొదటి ముద్ద చేతిలోకి తీసుకున్నాడు. గోడ దగ్గరికి పోయి ఆగాడు. వెనక్కి తిరిగి ఆ ముద్దను రెండు చేతులతో చాచా ముందు పట్టాడు. అందరూ చూస్తున్నారు. చాచా ముద్దను అందుకున్నాడు, ముక్కు దగ్గర పెట్టుకుని నింపాదిగా వాసన చూశాడు, మళ్లీ మామ చేతుల్లోనే పెట్టాడు. "బిస్మిల్లా" అన్నాడు. మామ పూయడం మొదలుపెట్టాడు.

ఎండ తల మీదికొచ్చేసరికి పగుళ్లు వచ్చేశాయి. మొదటిసారి వచ్చినట్టే, సన్నగా, సాలెగూడులాగా. మామ ముఖం మాడిపోయింది. చాచా ఒక పగులు వెంట వేలు పోనిచ్చి, ఇది ప్రతి ఏడూ పగులుతుందని, ఖర్జూరం కోత అయ్యాక ప్రతి ఏడూ అందరూ వచ్చి పూస్తారని, తన తండ్రి కాలంలోనూ ఇంతేనని చెప్పాడు. నేను ఆ మాట మామకు తెలుగులో చెప్పాను. మామ విన్నాడు గాని ఒప్పుకున్నట్టు కనిపించలేదు. లోపల వరుసలు కట్టారు, మస్తాన్ ఈసారి గడప దాటి లోపలికి వెళ్లాడు. నమాజు అయిపోయేదాకా మామ, నేను ఒక చెట్టు నీడన నిలబడి ఉన్నాం.

సాయంత్రం కాలువ గట్టు మీదుగా క్యాంపుకు నడిచాం. అన్ని రోజుల తర్వాత ఆయనే మొదట నోరు విప్పాడు.

"నువ్వు చెప్పుమన్నది సరే అల్లుడా. నేను చెప్పింది గూడ సరే."

ఆయన చేతుల మీద ఎండిన మట్టిని గోళ్లతో గీకుతున్నాడు.

"గని ఆ గోడకు ఒక్క పర్రె లేకుండెరా" అన్నాడు. ఇంకొంచెం పోయాక, నాతో కాదన్నట్టు మళ్లీ అన్నాడు, "ఒక్కటంటె ఒక్కటి లేకుండె."